పాటకు పోవు త్రోవలో

ఆరాధనలో పాట బాగుగా నున్నంత మాత్రమున దేవుడు సంతోషించెనని చెప్పగలమా? చెవికి ఇంపగుట వేరు, దేవునికి ఇంపగుట వేరు. ఆమోసు 5వ అధ్యాయము చదివినవారు ఈ మాట ఎరుగుదురు.

ఇంగ్లండులో జార్జి హెర్బర్టు అను కవి యుండెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు అధికార వక్తగా నుండినవాడు. అట్టివాడు 1630లో బెమర్టన్ అను చిన్న పల్లెకు కాపరిగా వచ్చి, పాడైన గుడిని బాగుచేయించి, 1633లో 39 ఏండ్ల ప్రాయముననే మరణించెను. సంగీతమనిన అతనికి ప్రాణము. వారమునకు రెండు మారులు సాల్స్‌బరీ పట్టణపు పెద్ద దేవాలయమునకు నడచి వెళ్లి, అక్కడి పాటలు విని, పిమ్మట స్నేహితులతో కూడి తానును పాడి వాయించెడివాడు.

ఐజాక్ వాల్టన్ 1670లో అతని చరిత్ర వ్రాయుచు ఒక సంగతి చెప్పెను. ఒకనాడు ఆ త్రోవలో ఒక బీదవాని గుఱ్ఱము బరువుతో కూలబడియుండెను. హెర్బర్టు పైయంగీ తీసి, బరువు దించుటకు సాయపడి, గుఱ్ఱమును లేపి, మరల బరువెత్తించి, ఆ మనిషి తిండికిని గుఱ్ఱపు మేతకును డబ్బిచ్చి వెళ్లెను. ఎప్పుడును శుభ్రముగా వచ్చు కాపరి మాసిన బట్టలతో వచ్చుట చూచి, ఇట్టి పని మీకు తగదని ఒక స్నేహితుడనెను. ఆ తలంపు అర్ధరాత్రివేళ తనకు సంగీతమగుననియు, చేయక పోయియుంటే మనస్సాక్షిలో అపస్వరము పలుకుననియు అతని జవాబు.

మన సంఘములలో కొందరు సేవ పేరు చెప్పి పాటను చులకన చేయుదురు. కొందరు హార్మోనియము శ్రుతి చూచుకొనుచు ప్రక్కయింటి రోగిని మరతురు. హెర్బర్టు, జవాబు చెప్పిన వెంటనే, ఇక వాద్యములు శ్రుతి చేయుదము రండని స్నేహితులను పిలిచెను.