ఒక మొక్క, ఎన్ని ప్రాణాలు?

ఎమిరేట్స్ అంటే ఎండే గుర్తొస్తుంది గానీ అక్కడా గడ్డకట్టే చలి ఉంది. రస్ అల్ ఖైమాలోని జెబెల్ జైస్ కొండ మీద 2004లో, 2009లో, 2017లో మంచు కురిసింది. అల్ ఐన్ ప్రాంతంలోని రక్నాలో 2021 జనవరిలో ఉష్ణోగ్రత సున్నాకు 2 డిగ్రీలు దిగువకు పోయింది. మబ్బూ తేమా గాలీ లేని రాత్రి ఇసుక నేల పగలు తాగిన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి పల్లాల్లో పేరుకుంటుంది. సముద్రం పక్కనున్న దుబాయ్, షార్జా బాల్కనీలకు ఈ బెడద దాదాపు లేదు. లోపలి ఎడారి తోటల్లో మాత్రం అలాంటి రాత్రి ముందుగా దెబ్బతినేవి నీటిని కండలో దాచుకునే మొక్కలే: కలబంద, రణపాల, అడీనియం. కలబంద పుట్టిల్లు అరేబియా ద్వీపకల్పమేనని వృక్షశాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. పుట్టింట్లోనూ దానికి ఈ చలి పడదు.

కణాల మధ్యనున్న నీరు ముందు గడ్డకట్టి, కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది. చలి ఒక్కసారిగా విరుచుకుపడితే కణం లోపలే మంచు కట్టి పొరలు చిట్లుతాయి. తెల్లారి చూస్తే ఆకు ఉడికించి తీసినట్టు మెత్తబడి, నీరు పట్టి ఉంటుంది. రెండు మూడు రోజుల్లో నల్లబడుతుంది, నొక్కితే జిగురు వేలికంటుతుంది. దాని పక్క ఆకు మాత్రం గట్టిగా, పచ్చగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటుంది. ఈ మొక్క బతికున్నట్టా, చచ్చినట్టా?

ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు చెట్టునే ఉదాహరణగా చూపిస్తాడు. మొదట కొట్టినా, నడుమ కొట్టినా, కొసన కొట్టినా చెట్టు రసం కారుస్తూ బతికే ఉంటుంది. జీవం ఒక కొమ్మను వదిలితే ఆ కొమ్మ ఎండుతుంది, మరోదాన్ని వదిలితే అదీ ఎండుతుంది, అంతటినీ వదిలితే చెట్టే ఎండిపోతుంది. చచ్చేది జీవం వదిలిన శరీరమే, జీవానికి చావు లేదన్నది తండ్రి చెప్పదలచిన మాట. ఈ లెక్కన మొక్క చావు అద్దె ఇల్లు గదిగదిగా ఖాళీ చేయడం లాంటిది. ఏ గది ఖాళీ అయిందో చలి రాత్రి మర్నాడే తేలదు.

మొక్కలు పెంచేవారు తొందరపడి కత్తి పట్టవద్దనేది ఇందుకే. దెబ్బతిన్న మొక్కను పొద్దుటి తీక్షణమైన ఎండ నుంచి నీడలోకి మార్చాలి, నీళ్లు ఆపేయాలి. కొన్నాళ్లకు చచ్చిన కండకీ బతికిన కండకీ మధ్య గీత స్పష్టమవుతుంది. మెత్తబడి కుళ్లుతున్న భాగాన్ని అప్పుడు శుభ్రమైన కత్తితో పచ్చటి కండ కనిపించేదాకా కోయాలి. ఎండి అట్టకట్టిన భాగం వల్ల ప్రమాదం లేదు, దాన్ని వసంతం దాకా ఉంచినా నష్టం లేదు. కోత పడిన ముక్కను వెంటనే మట్టిలో పెట్టకుండా గాయం ఆరేదాకా వదిలేయాలి. మన్నూ నీళ్లూ లేకపోతే చస్తుందన్న భయం తెలుగిళ్లలో ఎవరికీ ఉండక్కర్లేదు. దిష్టి కోసం గుమ్మానికి తలకిందులుగా కట్టిన కలబంద నెలల తరబడి బతకడం అందరూ చూసిందే.

ఉపనిషత్తు బోధకు చిక్కు రణపాల దగ్గర వస్తుంది. దాని ఆకు ఒకటి తుంచి మట్టి మీద పడేస్తే అంచు నొక్కుల్లోంచి వరసగా పిల్ల మొక్కలు లేస్తాయి. తల్లి మొక్క చలికి పోయినా అవి పెరుగుతాయి. తల్లిలో ఉన్నది ఒక్క జీవమైతే ఇన్ని ఎక్కణ్ణుంచి వచ్చాయి? మహాభారతం శాంతిపర్వంలో చెట్లు వినవు, చూడవు కదా అని భరద్వాజుడు సందేహపడతాడు. వేడికి ఆకు వాడుతుంది కనుక స్పర్శ ఉందనీ, కోసినచోట మళ్లీ మొలుస్తుంది కనుక జీవం ఉందనీ భృగువు బదులిస్తాడు. మళ్లీ మొలవడం జీవముందనడానికి రుజువే, ఎన్ని ఉన్నాయో మాత్రం అది చెప్పదు. సూటిగా జవాబిచ్చింది జైనులు. కొన్ని మొక్కల ఒక్క దేహంలోనే అనంత జీవాలుంటాయని, అవి అనంతకాయాలని వారి సిద్ధాంతం. ఆ జాబితాలో కలబందనూ చేర్చే సంప్రదాయం ఉంది. రణపాల ఆకును చూసినవారికి ఈ వివరణే ఎక్కువ నప్పుతుంది.

అయితే అదే సిద్ధాంతం కత్తిని వద్దంటుంది. జీవాలు అనంతమైతే కోతలో హింసా అనంతమే. మనుస్మృతి కూడా మొక్కలకు లోలోపల తెలివి ఉందనీ, సుఖదుఃఖాలు ఉన్నాయనీ అంటుంది. కానీ కుళ్లును అలాగే వదిలేస్తే అది కాండంలోకి దిగి మొక్కనంతా తినేస్తుంది. ఇక్కడ కోయకపోవడమే పెద్ద హింస. అసలు కోత అవసరమే రాకుండా చూసుకోవడం ఇంకా మేలు. చలి హెచ్చరిక వచ్చిన వారం నీళ్లు తగ్గిస్తే కండలోని రసం చిక్కబడి, త్వరగా గడ్డకట్టదు. కుండీలను పగలు ఎండ కాసే గోడ వారకు జరిపి, రాత్రికి పాత దుప్పటి కప్పి, తెల్లారగానే తీసేయాలి. ఆకులకు ప్లాస్టిక్ తగిలితే అక్కడే చలి కాటేస్తుంది.

ఈ చర్చకు ఎమిరేట్స్ నేల మీద మరో వైపు ఉంది. ప్రళయ ఘడియ ముంచుకొచ్చినా చేతిలో మొలక ఉంటే నాటి తీరాలని ప్రవక్త ముహమ్మద్ చెప్పినట్టు ఒక హదీసు ప్రసిద్ధం. మొక్కలో ఏముందన్న ప్రశ్న అందులో లేదు. నాటే చేతి ధర్మమే ఉంది, ఫలితంతో దానికి పనిలేదు.

ఆకులన్నీ పోయిన కలబందకు మొదలు గట్టిగా ఉంటే వేరు పక్కనుంచి పిలక రావడానికి వారాలు పడుతుంది. వేసవి ముదిరేదాకా ఆ కుండీని పారేయవద్దు.