యోసేపు అంగీ

ధ్యాన భాగము: ఆదికాండము 37వ అధ్యాయము



వనపర్తి ప్రాంతమున తోటకూర ఎరుగని యిల్లు లేదు. ఆ జాతిలోనే ఒక రకమును కూరకు గాక అందమునకు పెంచుదురు. మొక్క ఎదిగిన పిమ్మట కొనయందలి ఆకులు ఎరుపు, పసుపు రంగులు తాల్చును. చూచువారు వాటిని పువ్వులనుకొందురు. అసలు పువ్వులు మిక్కిలి చిన్నవి. ఎండలో నున్నదానికే ఆ శోభ. నీడలో రంగు తగ్గును. ఆంగ్లేయులు దీనిని యోసేపు అంగీ అందురు. 1611లో అచ్చయిన వారి బైబిలులో యాకోబు కుట్టించిన అంగీ పలురంగులదని యున్నది.

ఆ అంగీ ఒక్క కుమారునికే దొరికెను. ఇస్సాకు ఏశావును, రిబ్కా యాకోబును ప్రేమించిన యింటిలో పెరిగినవాడు యాకోబు (25:28). పక్షపాతము చేసిన గాయమెట్టిదో ఆయన ఎరుగును. ఎరిగియు అదే చేసెను! అన్నలు యోసేపుతో నెమ్మదిగా మాటలాడలేకపోయిరి. తుదకు ఆ అంగీయే మేకపిల్ల రక్తములో ముంచబడి తండ్రి యెదుటికి వచ్చెను.

మన యిండ్ల మాట చూతము. పాలమూరు పల్లెలనుండి బొంబాయికి, పూనాకు కూలికై వలసపోయిన తలిదండ్రులెందరో. ఒక బిడ్డను వెంటబెట్టుకొని, మరియొక బిడ్డను అవ్వ యొద్ద విడిచిరి. అది కరవు చేయించిన పని. వారిని మేము నిందింపము. అయితే తిరిగి వచ్చునపుడు కొడుకునకు క్రొత్త బట్టలు తెచ్చి, బిడ్డతో "నీకు వచ్చే యేడు" అనుట కరవు చేయించిన పనియా? ఒకరిని బడి మాన్పింపక తప్పనప్పుడు, ఆ ఒకరు ఆడపిల్లయే ఏల కావలెను?

ఈ మొక్కల కుటుంబపు గ్రీకు పేరునకు వాడనిది అని అర్థము. పేతురు చెప్పిన కిరీటపు మాటయు (1 పేతురు 5:4) ఆ కుదురుదే. పెరటి మొక్క మాత్రము గింజ రాల్చి ఎండిపోవును. పదునేడేండ్ల యోసేపు అంగీయు అంతే. చెరసాలలో ఆయనకు అది లేదు, యెహోవా తోడు మాత్రముండెను (39:21).

పిమ్మట ఐగుప్తులో అధిపతియైన యోసేపు, తన్ను అమ్మిన అన్నలకు ఒక్కొక్కరికి బట్టలిచ్చెను. ఎవరిని విడువలేదు. బెన్యామీనునకు మాత్రము అయిదు దుస్తులు, మున్నూరు వెండి నాణెములు! తండ్రి అలవాటు కుమారునిలో కొంత మిగిలియే యున్నది. అందుచేతనేమో, త్రోవలో కలహపడవద్దని కూడ చెప్పి వారిని సాగనంపెను (45:22-24).