గని లెక్కలో చేరని బాకీ

జర్మనీకీ చెకియాకూ సరిహద్దుగా నిలిచిన ఎర్జ్‌గెబిర్గె పర్వతాల్లో, 1168 ప్రాంతంలో ఫ్రైబర్గ్ వద్ద వెండి బయటపడింది మొదలు తగరం, కోబాల్టు, బిస్మతు, చివరికి యురేనియం దాకా, ఎనిమిది శతాబ్దాలకు పైగా తవ్వకం సాగింది. ఏ యేడు ఏ గని నుంచి ఎంత లోహం పైకి వచ్చిందో రాసిపెట్టడం అక్కడ పాత అలవాటు. పాలకుడికి చెల్లవలసిన పదో వంతు ఆ లెక్క మీదే తేలేది గనుక దాన్ని శ్రద్ధగానే రాశారు. అయితే ఏటేటి ఉత్పత్తి పట్టిక ఎంత నిజాయితీగా రాసినదైనా ఒక ధర్మసందేహానికి ముందే తీర్పు చెప్పి మొదలవుతుంది: కొండ నుంచి తీసినదే లెక్కకు వస్తుంది, తీయడం వల్ల కొండకూ మనిషికీ కలిగినది ఏ పద్దులోనూ చేరదు. ఆ తీర్పు న్యాయమైనదేనా అన్న విచారణ, యురేనియం పేరు లోకానికి తెలియక ముందే, ఆ పర్వతాల్లోనే జరిగింది.

ష్నీబర్గ్ వెండి గనుల సందడి పెరిగిన కాలంలో, 1490లలో, పౌలుస్ నియావిస్ అనే లాటిన్ ఉపాధ్యాయుడు ‘జూపిటర్ తీర్పు’ అని అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న సంవాదాన్ని ప్రచురించాడు. అందులో భూమి చిరిగిన వస్త్రంతో, ఒళ్లంతా గాయాలతో దేవతల కొలువుకు వచ్చి, కన్నబిడ్డే తన కడుపు చీలుస్తున్నాడని మనిషి మీద అభియోగం మోపుతుంది. ఆమె పక్షాన మెర్క్యురీ వాదిస్తాడు; ద్రాక్షల దేవుడు బాకస్, పంటల దేవత సెరీస్, ఊటలను కాచే జలదేవతలు తమ తమ నష్టాలు చెప్పుకుంటారు. బిడ్డలకు అక్కరకు వచ్చే సంపదను లోలోపల దాచుకున్నది తల్లి కాదు, సవతి తల్లి అని మనిషి ఎదురు వాదిస్తాడు. చివరికి భాగ్యదేవత ఫార్చూనా ఇచ్చిన తీర్పు ఎవరినీ నిర్దోషిగా విడిచిపెట్టదు: కొండలు తవ్వడం మనిషి రాత, భూమి ఆవిరులకు ఊపిరాడక ఆ భూమికే ఆహారం కావడమూ అతని రాతే. అనుమతినీ మూల్యాన్నీ విడదీయకుండా చెప్పడమే ఆ తీర్పులోని వివేకం.

సుమారు అరవై ఏళ్ల తర్వాత దీనికి బలమైన ప్రతివాదం వచ్చింది. అదే పర్వతాల్లోని యోయాఖిమ్‌స్తాల్‌లో, అంటే నేటి యాఖిమోవ్‌లో, వైద్యుడిగా పనిచేసిన గెయోర్గియుస్ అగ్రికోలా గనుల విద్య మీద రాసిన ‘దె రె మెటాలికా’ 1556లో, ఆయన మరణించిన మరుసటి ఏడు, వెలువడింది. లోహం లేనిదే సేద్యం లేదు, వైద్యం లేదు, మనిషి మృగంలా బతకవలసి వస్తుంది. లోహం తనంతట తాను మంచిదీ కాదు చెడ్డదీ కాదు, దోషమంతా వాడేవాడిదే అన్నది ఆయన వాదం. ఆ ఊరి లూథరన్ బోధకుడు యోహానెస్ మాథేసియుస్ 1562లో ప్రచురించిన ప్రసంగాల్లో ఖనిజం దేవుడిచ్చిన వరమయింది. ఇనుము విషయంలో ఈ వాదాన్ని కాదనడం కష్టం. కొడవలి కావాలి గానీ ఇనుము వద్దు అనే మాట నిలవదు. కానీ అదే గ్రంథంలో అగ్రికోలా, కార్పాతియన్ గనుల దగ్గర ఏడుగురు భర్తలను వరుసగా ఊపిరితిత్తుల జబ్బుకు పోగొట్టుకున్న స్త్రీలున్నారని కూడా రాశాడు. ఆ స్త్రీల వైధవ్యానికి లోహాన్ని వాడినవాడు కారణం కాదని ఆయన గమనించకపోవడం ఆశ్చర్యమే.

యురేనియం దగ్గర ఈ వాదం పూర్తిగా విరిగిపోతుంది. పిచ్‌బ్లెండ్ అనే నల్లని బరువైన ఖనిజంలో మార్టిన్ క్లాప్రోత్ ఈ మూలకాన్ని గుర్తించింది 1789లో. అంతకు ముందు వెండి కోసం తవ్వేవారికి అది పనికిమాలిన రాయి. ఎవరూ కోరని ఆ రాయి నుంచి క్రమంగా పుట్టే రేడియం, రంగూ వాసనా లేని రేడాన్ వాయువును విడుదల చేస్తూనే ఉంది. ష్నీబర్గ్ గని కార్మికుల మరణాల్లో నాలుగింట మూడు వంతులకు కారణం ఊపిరితిత్తుల్లోని ప్రాణాంతక కణితి అని హార్టింగ్, హెస్సె అనే వైద్యులు 1879లో తేల్చేనాటికి రేడియమే ఎవరికీ తెలియదు. యాఖిమోవ్ ఖనిజం నుంచి క్యూరీ దంపతులు దాని ఉనికిని కనుగొన్నది 1898లో. అప్పటికి రేడియానికి వాడకం లేదు, వాడేవాడు లేడు, మరణాలు మాత్రం ఉన్నాయి. దోషం వాడకంలోనే ఉంటుందన్న సిద్ధాంతానికి ఇంతకు మించిన ఖండన అక్కరలేదు.

కారణం తెలిసిన తర్వాత జరిగినది మరింత బరువైనది. 1950లలో చెక్ వైపు గనుల్లో రాజకీయ ఖైదీల చేత యురేనియం తవ్వించారు. జర్మన్ వైపు, ఆ పర్వతాల్లోనూ పక్కనున్న థురింగియాలోనూ, సోవియట్ అణ్వాయుధాల కోసం మొదలైన విస్ముట్ సంస్థ 1990 దాకా సుమారు 2,31,000 టన్నుల యురేనియం ఉత్పత్తి చేసింది. వృత్తివ్యాధిగా గుర్తించిన ఊపిరితిత్తుల క్యాన్సర్ కేసులు 1990 నాటికే అయిదు వేలు దాటాయి. యురేనియాన్ని వేరు చేశాక మిగిలే బురదలో, అంటే టైలింగ్స్‌లో, మూల ఖనిజపు రేడియోధార్మికతలో అత్యధిక భాగం ఉండిపోతుంది. అందులోని రేడియం సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు, దాన్ని పుట్టించే థోరియం సగానికి తగ్గడానికి సుమారు 75,000 ఏళ్లు పడుతుంది. దిగుబడికి ఏడాది కొలత, మిగిలినదానికి యుగాల కొలత అయినప్పుడు, ఏడాది పట్టిక నిజం చెబుతూనే న్యాయం తప్పుతుంది.

భారతీయ చింతనలో ఈ సమస్యకు దగ్గరి మాట ఋణం. గీత మూడో అధ్యాయం, పొందినదాన్ని తిరిగి అర్పించకుండా అనుభవించేవాడిని దొంగ అంటుంది. పంటకూ పాడికీ వానకూ ఆ చక్రం సరిపోతుంది, తవ్వితీసిన ఖనిజం మాత్రం మళ్లీ పండదు. అథర్వవేదంలోని భూమిసూక్తం తవ్వకాన్ని నిషేధించదు గానీ, తవ్విన చోటు త్వరగా పూడి మొలవాలనీ, భూమి మర్మస్థానానికి దెబ్బ తగలకూడదనీ వేడుకుంటుంది. ఆ ప్రార్థనను షరతుగా చదివితే, మనిషి కాలంలో మానని గాయానికి అందులో అనుమతి లేదు. బొగ్గు పొగ కంటే అణువిద్యుత్తు మేలన్న వాదంలో సత్యం ఉంది, బొగ్గు గనులూ ప్రాణాలు తీశాయి. అయితే అవసరం దోషాన్ని తగ్గించగలదేమో గానీ బాకీని రద్దు చేయలేదు.

తెలుగు నేలకు ఇది దూరపు చర్చ కాదు. కడప జిల్లా తుమ్మలపల్లె ఖనిజం వెయ్యి కిలోల్లో యురేనియం అర కిలో కూడా ఉండదు, తక్కినదంతా బురదగా అక్కడే మిగులుతుంది. నల్లమలలో యురేనియం తవ్వకం వద్దని తెలంగాణ శాసనసభ 2019లో తీర్మానించింది. ఎక్కడ తవ్వినా, ఏటి ఉత్పత్తి అంకె పక్కనే మిగిలిన వ్యర్థమెంత, దాన్ని కాపాడవలసిన ఏళ్లెన్ని, జబ్బుపడిన కార్మికులెందరు అన్న అంకెలూ అచ్చుకావాలి. విస్ముట్ గనుల్లో ఉత్పత్తి ఆగి మూడు దశాబ్దాలు దాటినా, వాటి నుంచి ఊరే నీటిని జర్మన్ ప్రభుత్వ ఖర్చుతో ఇప్పటికీ శుద్ధి చేస్తూనే ఉన్నారు.