పాత టైరు – పొరుగువాడి హక్కు

నమాజులు, ఉపవాసాలు, జకాత్ మూటగట్టుకుని ప్రళయదినాన దైవసన్నిధికి వచ్చే ఒక మనిషి గురించి దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ సహచరులకు వివరించారు. అతను లోకంలో ఒకరిని తిట్టాడు, ఒకరిపై నింద మోపాడు, ఒకరి సొమ్ము కాజేశాడు, ఒకరిని కొట్టాడు. బాధితులంతా వచ్చి అతని పుణ్యాలు పంచుకుంటారు. పుణ్యాలు అయిపోయినా అప్పు తీరదు. అప్పుడు వారి పాపాలు అతని నెత్తిన పడతాయి. అసలైన దివాళాకోరు అతనేనని ఆయన (స) తెలియజేశారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును మనం ఎన్నో ఖుత్బాల్లో విన్నాం. మన ఇంటి వెనక పడివున్న పాత టైర్లకు దాన్ని ఎప్పుడైనా అన్వయించుకున్నామా?

ఇదేం పోలిక అనిపించవచ్చు. కొంచెం ఆగి ఆలోచించండి. కల్హేర్, నారాయణఖేడ్ ప్రాంతంలోనే కాదు, ఏ ఊరికి వెళ్లినా పంక్చరు షాపు, మెకానిక్ షెడ్డు, పాత సామాన్ల కొట్టు మన సోదరులు ఎందరికో జీవనాధారం. చెమటోడ్చి తినే హలాల్ సంపాదన అది. కాబట్టి టైర్ల విషయంలో మాట ముందుగా మనమే మనకు చెప్పుకోవాలి.

టైరును ఎలా పడేసినా వానాకాలంలో దాని లోపల నీళ్లు నిలుస్తాయి. ఎండ తగలదు, త్వరగా ఆరవు. డెంగీ, చికున్‌గున్యాలను మోసుకొచ్చే ఏడిస్ దోమకు ఇంతకంటే అనువైన చోటు లేదు. గుడ్డు దోమగా మారటానికి ఎనిమిది, పది రోజులు చాలు. నీళ్లు ఎండిపోయినా టైరు గోడకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. తొలకరి వాన పడగానే పొదుగుతాయి. ఆసియా నుంచి వెళ్లిన పాత టైర్లలోనే ఒక రకం ఏడిస్ దోమ 1985లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో కాలుమోపింది. అంత దూరం దాన్ని మోసింది టైరే. ఈ దోమ తనంతట తాను ఎగిరే దూరం మాత్రం సాధారణంగా కొన్ని వందల మీటర్లే. అంటే మన టైరులో పుట్టిన దోమ కుట్టేది ఎవరిని? మన పిల్లల్ని, మన పక్కింటివారిని. పొరుగువారి గురించి జిబ్రయీల్ (అలైహిస్సలాం) పదేపదే తాకీదు చేస్తుంటే, వారిని ఆస్తిలో వారసులుగా కూడా చేస్తారేమోనని దైవప్రవక్త (స)కు అనిపించిందట. అటువంటి పొరుగువారికి మనం పంచుతున్నది జ్వరమా? 2005 చివర్లో చికున్‌గున్యా మన తెలుగు నేలపై విరుచుకుపడినప్పుడు కీళ్ల నొప్పులతో నెలల తరబడి మంచం దిగలేని వారిని చూసినవాళ్లం మనం.

పారవేయటం ఒక తప్పయితే, కాల్చటం ఇంకా పెద్ద తప్పు. లోపలి ఇనుప తీగ కోసం కాల్చేవారున్నారు. చలికాచుకోవటానికి కాల్చేవారున్నారు. రాస్తారోకోల్లో కాల్చేవారి సంగతి సరేసరి! ఆ నల్లటి పొగలో గంధకపు వాయువు, కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, క్యాన్సర్ కారకాలైన మరికొన్ని పదార్థాలు ఉంటాయి. తిట్టిన మనిషి ఎదురుగా ఉంటాడు, వెళ్లి క్షమాపణ అడగవచ్చు. ఈ పొగ మూడు వీధుల అవతల ఉబ్బసంతో బాధపడే ముసలమ్మ గుండెల్లోకి వెళ్లింది. ఆమె ఎవరో మనకు తెలియదు. దాసుల హక్కును దాసులే మన్నించాలి కదా, మరి ఎవరి గడప తొక్కి అడుగుతాం? తీగ అమ్మితే వచ్చే ఆ నాలుగు రూపాయలకు ఇంత లెక్క అప్పజెప్పుకోవాలి. చెత్తను ఆరుబయట తగలబెట్టటాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా 2016 డిసెంబరులో నిషేధించి, 5 వేల రూపాయల జరిమానా, భారీ ఎత్తున కాలిస్తే 25 వేలు విధించమంది. జరిమానా భయం కన్నా ఆ లెక్క భయం మనకు ఎక్కువ ఉండాలి.

మన తెలుగువారు ఎందరో పనికి వెళ్లే కువైట్‌లోనూ సులైబియా ఎడారిలో కోట్లాది టైర్లు గుట్టలుగా పేరుకుపోయాయి. 2012లో అక్కడ పెద్ద మంటలు రేగాయి. చివరకు 2021లో నాలుగు కోట్లకు పైగా టైర్లను వేరేచోటికి తరలించారు. సంపన్న దేశానికే అంత భారమైన పని ఇది.

మరి ఏం చేయాలి? కొత్త టైరు కొన్నప్పుడు పాతదాన్ని అక్కడే అప్పగించటం అన్నిటికన్నా సులువు. లోపలి కట్టు గట్టిగా ఉన్న లారీ టైరుకు రీట్రెడింగ్ చేయిస్తే మళ్లీ నడుస్తుంది. చెప్పులకు, బొక్కెనలకు, పశువుల తొట్లకు పనికొచ్చేవి కొన్ని. తొట్టిలో నీళ్లు మాత్రం తరచూ మార్చి, లోపలి గోడను రుద్ది కడగాలి. రేకుల మీద బరువుకు పెట్టినవాటికి, పిల్లల ఊయలకు కట్టినవాటికి అడుగున రంధ్రాలు చేయండి. షాపులో ఉన్నవాటిని కప్పు కింద పేర్చండి, లేదా పైన తాడిపత్రి కప్పండి. ఇక్కడే ఒక మాట: నున్నగా అరిగిన టైరుకు గాట్లు చెక్కి బాగుందని చెప్పి పేద ఆటో డ్రైవరుకు అంటగట్టేవారు, తడిసిన ధాన్యాన్ని అడుగున దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) ఎంత కఠినంగా మందలించారో గుర్తు చేసుకోవాలి.

మన సంగారెడ్డి జిల్లాలోని సదాశివపేటలోనే ఎమ్మారెఫ్ టైర్ల కర్మాగారం ఉంది. 2022 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, పాత టైర్లు రీసైక్లింగుకు చేరేలా చూడవలసిన బాధ్యత టైర్ల తయారీదారులది, దిగుమతిదారులది. కాని కల్హేర్ పెరట్లో పడివున్న రెండు టైర్ల కోసం ఏ లారీ రాదు. యాభై, వంద ఒకచోట చేరితే పాత సామాన్ల వ్యాపారి తానే వస్తాడు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లింగ్ యూనిట్‌కే పంపుతాడా అని అతణ్ణి అడిగి మరీ ఇవ్వాలి. ఊళ్లోని మస్జిద్ కమిటీ, యువకులు పూనుకుని, ముస్లిమేతర సోదరులను, గ్రామపంచాయతీని కలుపుకుని వానలకు ముందే ఈ పని చేయవచ్చు.

శుక్రవారం డ్రైడే పాటించమని ఆరోగ్యశాఖ వారు చెబుతుంటారు. వారానికోసారి నిల్వ నీళ్లు పారబోస్తే దోమకు ఎదిగే గడువు దొరకదు. జుమా రోజు ఎలాగూ గుసుల్ చేసి, మంచి బట్టలు కట్టుకుని మస్జిద్‌కు బయలుదేరుతాం. ఆ గుసుల్‌కు ముందే ఒకసారి పెరట్లోకి వెళ్లి, టైర్లు తిరగేసి చూసి వద్దాం.