వత్తి చేయుట – వెలిగించుట
పూర్వము కార్తికము సమీపించగానే తెలుగు గృహములందు స్త్రీలు ప్రత్తిగింజలు తీసి, దూది ఏకి, పాలతడి వ్రేళ్లతో వత్తులు చేసెడివారు. దినమునకొక్కటి చొప్పున 365 వత్తులను కట్టగట్టి, ఆవునేతిలో తడిపి, పౌర్ణమినాడు వెలిగించెడివారు. నేడా కట్టలు అంగడిలో సిద్ధముగా లభించుచున్నవి.

కొన్న వత్తితో వెలిగించిన దీపమునకు ఫలము తగ్గునా? అని కొందరి సంశయము. తగ్గదు. భగవంతుడు భావమునే గ్రహించును. వృద్ధులకు, రోగులకు, తీరిక లేనివారికి అంగడి వత్తి దోషము కాదు. అయినను ఒక లాభము మాత్రము చేజారును. వత్తికొక నామము పలుకుచు చేసినవారికి 365 మార్లు స్మరణ సిద్ధించెడిది. కట్ట కాలుట గడియసేపు. ఆ స్మరణ అనేక దినముల సాధన.

భూతత్తాళ్వారు మనస్సునే వత్తిగా సమర్పించిరి. కావున కొన్న కట్టలోనైనను, నామమును పలుకుచు స్వహస్తముతో చేసిన వత్తి నొక్కదానిని చేర్చుడు. ఆ ఒక్కటియే కైంకర్యమగును.