స్వేచ్ఛ, అవసరం, శస్త్రచికిత్స

వైద్యంలో నీతి ప్రశ్నలు అనగానే మనలో చర్చ డాక్టర్ల ఫీజుల మీదికీ, ప్రైవేటు ఆసుపత్రుల లాభాల మీదికీ పోతుంది. ఆ చర్చ అవసరమే. కాని ఫీజు సమస్య తీరిన చోట కూడా మిగిలిపోయే ప్రశ్న ఒకటున్నది. రొమ్ములో గడ్డ బయటపడి, అది క్యాన్సరని తేలి, ఇంకా తొలిదశలోనే ఉన్నదని డాక్టరు చెప్పిన స్త్రీ ముందు సాధారణంగా రెండు దారులు ఉంటాయి. రొమ్ము మొత్తం తీసివేయడం ఒకటి. గడ్డనూ, దాని చుట్టూ కొంత భాగాన్నీ మాత్రమే తీసి, మిగిలిన రొమ్ముకు రేడియేషన్ ఇవ్వడం రెండోది. ప్రాణం నిలవడం మటుకు చూస్తే ఈ రెండూ సమానమని శాస్త్రం చెబుతున్నది. సమానమైన వాటిలో ఒకదాన్ని ఎన్నుకోవలసింది ఎవరు? ఏ ప్రాతిపదిక మీద? అసలు ఎన్నుకోవడం అనే మాటకు రాజంపేటలో అర్థమేమిటి?

ఈ సమానత్వం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 19వ శతాబ్ది చివర బాల్టిమోరులోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జను ఒక పద్ధతిని స్థాపించాడు. క్యాన్సరు పుట్టినచోటి నుంచి పక్కపక్కకు, వరుసగా, చంకలోని గ్రంథుల దాకా పాకుతుందనీ, కాబట్టి ఎంత విస్తారంగా కోస్తే అంత మేలనీ ఆయన సిద్ధాంతం. రొమ్మునూ, దాని కింది ఛాతీ కండరాలనూ, చంక గ్రంథులనూ కలిపి ఒకేసారి తీసివేసేవారు. 1894లో ఆయన తన ఫలితాలను ప్రచురించిన తరువాత సుమారు 80 ఏళ్ళ పాటు సర్జన్లకు అదే వేదవాక్యం. పక్కటెముకల మీద చర్మం మాత్రమే మిగిలిన ఛాతీతో, వాచిపోయిన చేతితో లక్షలాది స్త్రీలు శేషజీవితం గడిపారు. ఆర్థికవేత్త కీన్స్ తమ్ముడు జెఫ్రీ కీన్స్ 1920లలోనే లండనులో రేడియం సూదులతో, రొమ్మును నిలుపుతూ చికిత్స చేసి చూపాడు. వృత్తిలోని పెద్దలు ఆలకించలేదు. ఎక్కువ కోసేవాడే ఎక్కువ నిజాయితీపరుడనే భావం ఒకటి ఆ వృత్తిలో పాతుకొనిపోయి ఉండేది.

ఆ భావాన్ని కూల్చింది వాదం కాదు, లెక్క. ఇటలీలోని మిలాన్‌లో ఉంబెర్టో వెరొనేసి 1973లోనూ, పిట్స్‌బర్గుకు చెందిన బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వాన ఉత్తర అమెరికా ఆసుపత్రులు 1976లోనూ పరీక్షలు ప్రారంభించాయి. చీట్లు వేసినట్టుగా, ఏ స్త్రీకి ఏ శస్త్రచికిత్స అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయమయ్యేది. మిలాన్ పరీక్షలో పాల్గొన్నవారు 701 మంది. 20 ఏళ్ళ ఫలితాలు రెండు చోట్లనుంచీ 2002లో వెలువడ్డాయి. రొమ్ము తీసినవారూ, నిలిపినవారూ బతికిన కాలంలో తేడా లేదు. తేడా మరొకచోట ఉన్నది. మిలాన్‌లో రొమ్ము నిలిపినవారిలో 8.8 శాతం మందికి అదే రొమ్ములో క్యాన్సరు మళ్ళీ వచ్చింది. మొత్తం తీసినవారిలో ఆ చోటున తిరిగి వచ్చినది 2.3 శాతం మందికి. ఫిషర్ పరీక్షలో గడ్డ మాత్రమే తీసి రేడియేషన్ ఇవ్వనివారిలో 39.2 శాతం మందికి ఆ రొమ్ములోనే తిరగబెట్టింది. రేడియేషన్ తీసుకున్నవారిలో అది 14.3 శాతమే. ఇవి ఆనాటి మందులతో వచ్చిన అంకెలు, ఈనాడు తిరగబెట్టడం ఇంకా తగ్గింది. ఫిషర్ పరీక్షలో పాల్గొన్న ఒక కెనడా సర్జను కొందరు రోగుల వివరాలు మార్చి రాశాడని 1994లో లోకానికి తెలిసి పెద్ద అలజడి లేచింది. అతని రోగులను పక్కనపెట్టి మళ్ళీ లెక్కవేస్తే ఫలితం చెక్కు చెదరలేదు.

ఆ అంకెల వెనుక ఉన్న స్త్రీలను ఒక్కక్షణం తలుచుకోవాలి. తమకు ఏది జరగాలో తాము ఎన్నుకోకుండా, చీటీకి వదిలిపెట్టడానికి వాళ్ళు ఒప్పుకున్నారు. ఈనాటి స్త్రీకి ఎన్నుకొనే హక్కు ఉన్నదంటే, అది నిన్నటి స్త్రీలు తమ ఎన్నికను వదులుకోగా సమకూడినది. విజ్ఞానం సామాజిక సంపద అని మనం ఉపన్యాసాలలో చెప్పే మాటకు ఇంతకన్న స్థూలమైన ఉదాహరణ దొరకదు.

ఇక రాజంపేటకు వద్దాం. మద్రాసు నుంచి గుంతకల్లు పోయే రైలుమార్గం మీది ఊరు. చుట్టూ మామిడి, అరటి, బొప్పాయి తోటలు. ఆ తోటల్లో కూలికి పోయే ఏబై ఏళ్ళ స్త్రీని ఊహించండి. ఆమెకు గడ్డ చిన్నదిగా ఉండగానే దొరికింది. మన పల్లెల్లో ఇది అరుదైన అదృష్టమే, చాలామంది పుండు పడేదాకా కొంగు కప్పుకొనే ఉంటారు. రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం, ఆ తరువాత దాని పేర్లు ఎన్ని మారినా, క్యాన్సరు శస్త్రచికిత్సనూ రేడియేషన్‌నూ భరిస్తున్నది. అంటే ఆసుపత్రి బిల్లు ఆమె సమస్య కాదు. ఆమె సమస్య రోజులు.

రొమ్మును నిలుపుకోవాలంటే దాదాపు ఎప్పుడూ రేడియేషన్ తీసుకోవాలి. అది ఒకనాటితో అయిపోయే పని కాదు. పాత పద్ధతిలో వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు. యంత్రం కింద ఉండేది నిమిషాలే, కాని ఆ నిమిషాల కోసం రోజూ రావాలి. తిరుపతికి రాజంపేట నుంచి సుమారు 90 కిలోమీటర్లు. రోజూ పోయి రావడం సాధ్యం కాకపోతే అక్కడ గది కావాలి, తోడు మనిషి కావాలి. తోడు వచ్చే కూతురి కూలి ఏ పథకమూ ఇవ్వదు. ఇంటి దగ్గర మనవడినీ, కట్టేసిన మేకలనూ చూసేదెవరు? ఈ లెక్క డాక్టరు చీటీలో ఉండదు. ఆమె బుర్రలో మాత్రం డాక్టరు మాట పూర్తికాకముందే అయిపోతుంది. అప్పుడు ఆమె అంటుంది: "తీసేయండి సార్, పీడా పోతాది."

దీన్ని ఆమె నిర్ణయమనవచ్చునా?

ఉదారవాది అవునంటాడు. ఎవరూ బలవంతం చేయలేదు, రెండూ వివరించారు, సంతకం చేసింది. మనలో కొందరు తొందరపాటుతో కాదంటారు. ఆమెకు స్వేచ్ఛ లేదు, పేదరికమే ఆమె చేత అనిపించింది, కాబట్టి ఆ మాట ఆమె మాట కాదు అంటారు. రెండో వాదం మనకు దగ్గరగా వినిపిస్తుంది గనుక దాన్నే ఎక్కువ జాగ్రత్తగా పరీక్షించాలి. పేదరికం ప్రమేయం ఉన్న ప్రతి నిర్ణయమూ సొంత నిర్ణయం కాదంటే, పేదవాడికి సొంత నిర్ణయమనేదే ఉండదు. పెళ్ళి, ఓటు, సమ్మె, ఏదీ మిగలదు. అప్పుడు వాళ్ళ తరఫున నిర్ణయించే బాధ్యత మన మీద పడుతుంది. ఆ బాధ్యతను స్వీకరించడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు సిద్ధంగా ఉంటారు.

ఎంగెల్స్ 'ఆంటీ డ్యూరింగ్'లో స్వేచ్ఛను అవసరానికి సంబంధించిన జ్ఞానంతో ముడిపెట్టాడు. ప్రకృతి నియమాలను కాదనడంలో స్వేచ్ఛ లేదు, వాటిని తెలుసుకొని వాటితో పనిచేయించుకోవడంలో ఉన్నది. ఈ సూత్రాన్ని మన స్టడీ సర్కిళ్ళలో తరచుగా వల్లిస్తాం, కాని అవసరాలన్నీ ఒకే జాతివి కావన్న సంగతి మరుస్తాం. గడ్డలు రొమ్ములో వేరువేరు చోట్ల ఉన్నా, రొమ్ముతో పోలిస్తే గడ్డ మరీ పెద్దదైనా, లోగడ అక్కడే రేడియేషన్ తీసుకొని ఉన్నా, రొమ్మును నిలపడం సాధారణంగా కుదరదు. ఇది ప్రకృతి పెట్టిన అవసరం. అందులోనూ మార్పు వస్తున్నది, ముందుగా మందులిచ్చి గడ్డను కుదించి ఆ తరువాత కొంతే కోయడం ఇప్పుడు సాధ్యమవుతున్నది. యంత్రం 90 కిలోమీటర్ల దూరాన ఉండడం మాత్రం ప్రకృతి పెట్టినది కాదు. ఎవరో ఒక కాగితం మీద పెట్టినది. డాక్టరు "నీకు తీసేయడమే మంచిదమ్మా" అన్నప్పుడు ఈ రెండు అవసరాలూ ఒకే వాక్యంలో కలిసిపోతాయి. జబ్బు అలా కోరుతున్నదో, బస్సు అలా కోరుతున్నదో వినేవారికి తెలియదు. చాలాసార్లు చెప్పేవారికీ తెలియదు. అది తెలియకపోవడమే, నా ఉద్దేశంలో, ఆ స్త్రీకి జరిగిన మొదటి అన్యాయం. బస్సు కారణంగానే రొమ్ము పోగొట్టుకుంటున్నానని ఎరిగి ఆమె "తీసేయండి" అంటే అది ఆమె నిర్ణయమే, దాన్ని శిరసావహించవలసిందే. జబ్బే కోరిందని నమ్మి అంటే మటుకు ఆమెను మోసగించినట్టే.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి, దాని ప్రాముఖ్యం చిన్నది కాదు. ఐదు వారాల రేడియేషన్‌కు బదులు మూడు వారాలు చాలునని కెనడాలోనూ, బ్రిటన్‌లోనూ జరిగిన పరీక్షలు ఎప్పుడో రుజువు చేశాయి. 2020లో బ్రిటిష్ పరిశోధకులు ఒక్క వారంలో ఐదు విడతలుగా ఇచ్చినా, ఐదేళ్ళు గమనించిన మేరకు, తొలిదశ రోగులలో ఫలితం తగ్గలేదని చూపించారు. లండనులో ఉండే స్త్రీకి ఇది సౌకర్యం. రాజంపేట స్త్రీకి ఇది రొమ్ము. ఐదు వారాలు తిరుపతిలో ఉండలేనిది ఒక వారం ఉండగలదు. అయితే ఆ ఆసుపత్రిలో ఎన్ని వారాల పద్ధతి నడుస్తున్నదో అడగాలని ఆమెకు ఎవరు చెబుతారు? ఇంకొకటి కూడా ఉన్నది. రొమ్ము తీసేస్తే రేడియేషన్ తప్పుతుందని చాలామంది నమ్ముతారు. చంక గ్రంథులకు జబ్బు పాకి ఉంటే, తీసిన తరువాత కూడా రేడియేషన్ అవసరపడవచ్చు. ఆ మాట ముందుగా చెప్పకపోతే ఆమె ఒకటి తప్పించుకుందామని రెండూ అనుభవిస్తుంది.

సంతకం సంగతికి వస్తే, 1970ల దాకా అమెరికాలో కూడా గడ్డ పరీక్షకని స్త్రీకి మత్తు ఇచ్చి, క్యాన్సరని తేలితే ఆ బల్లమీదనే రొమ్ము తీసివేసేవారు. లేచాక గాని ఆమెకు సంగతి తెలిసేది కాదు. 1974లో రోజ్ కుష్నర్ అనే పత్రికారచయిత్రి దానికి ఒప్పుకోక, పరీక్ష వేరు చికిత్స వేరు అని పట్టుబట్టి పోరాడింది. మన దేశంలో సమీరా కోహ్లీ కేసులో, పరీక్షకని మత్తు ఇచ్చిన స్త్రీకి, బయట కూర్చున్న తల్లి ఒప్పుకోలు తీసుకొని గర్భసంచి, అండాశయాలు తీసివేశారు. వయోజనురాలైన స్త్రీ శరీరానికి తల్లి సమ్మతి చెల్లదని 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రాణాపాయం ముంచుకొచ్చినప్పుడు తప్ప ఆగి ఆమెనే అడగాలి. తల్లి సంతకమే చెల్లనప్పుడు మొగుడిదీ కొడుకుదీ ఏ పాటి? అయినా తీర్పు వేరు, ఆసుపత్రి వరండా వేరు. అక్కడ డాక్టరు కళ్ళు ఆమెను దాటి, వెనుక నిలబడ్డ మగమనిషి మీదికి పోతాయి. ఆమె కూడా తల వంచుకొని "మీరెట్ట జెప్తే అట్ట సార్" అంటుంది. తొలిదశ క్యాన్సరులో ఆ సాయంత్రమే తేల్చి చెప్పవలసిన తొందరేమీ లేదు. ఇంటికి పోయి, నాలుగు రోజులు ఆలోచించి, ఇదివరకు శస్త్రచికిత్స అయిన ఆడమనిషితో మాట్లాడి రావడానికి సమయం ఉంటుంది.

మగమనిషి మీదికి డాక్టరు కళ్ళు ఎందుకు పోతాయి? దీనికి జవాబు వైద్యంలోకన్న సాహిత్యంలో తేలికగా దొరుకుతుంది. రాజంపేటకు కూతవేటు దూరాన తాళ్ళపాక ఉన్నది. అన్నమాచార్యుని శృంగార సంకీర్తనలు వేలకు వేలు రాగిరేకులకెక్కాయి. ప్రబంధకవులు స్తనాలకు వాడని ఉపమానం లేదు, కొండలు, కుంభాలు, చక్రవాకాల జంటలు. ఇంకొకవైపు తల్లిపాల రుణం గురించి మన పాటలూ సామెతలూ చెప్పనిది లేదు. అంటే ఆ అవయవానికి మన సంస్కృతి ఇద్దరు హక్కుదారులను గుర్తించింది, మగడు, బిడ్డ. ఆమెకు నొప్పెట్టే, ఆమె స్నానంలో తడుముకొనే, ఆమెదే అయిన రొమ్ముకు ఆ వర్ణనల్లో చోటు దొరకలేదు. కాబట్టే వయసు మళ్ళిన స్త్రీ విషయంలో ఇంట్లోవారు నిష్కపటంగానే "ఇంక దానితో పనేముంది" అంటారు. హక్కుదారులిద్దరి అవసరమూ తీరింది గదా! చదువుకున్న డాక్టర్లలోనూ కొందరు పెళ్ళికాని పిల్లకు నిలపడం గురించి ఒక గంట, కూలిపని చేసే ముసలమ్మకు తీసేయడం గురించి ఒక నిమిషం మాట్లాడతారు. ఇది భూస్వామ్య భావమే, తెల్లకోటు తొడుక్కున్నది.

అలాగని నిలుపుకోవడమే అభ్యుదయం, తీయించుకోవడం వెనుకబాటు అనుకొనే పొరపాటు కూడా మనలో కనిపిస్తున్నది. మళ్ళీ వస్తుందేమోనన్న భయంతో ఏటేటా నిద్రలేని రాత్రులు గడపడం కన్న, ఒక్కసారి పోగొట్టుకొని నిశ్చింతగా ఉందామని కోరుకొనే స్త్రీ అవివేకి కాదు. తీయించుకున్నంత మాత్రాన ఎక్కువ కాలం బతకనని తెలిసి కూడా ఆమె దాన్నే కోరవచ్చు. ఆ భయాన్ని మోయవలసింది ఆమె. అమెరికా నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్ 1978లో ఒక రొమ్ము తీయించుకొని, పైకి కనబడకుండా పెట్టుకొనే కృత్రిమ రొమ్మును నిరాకరించింది. 1980లో అచ్చయిన 'క్యాన్సర్ జర్నల్స్'లో ఆ సంగతులన్నీ రాసింది. ఏమీ జరగనట్టు కనిపించమని లోకం అడగడం మీద ఆమెకు కోపం. మన ఊళ్ళలో రవికెలో పాతగుడ్డ మడిచి పెట్టుకొని పనికి పోయే స్త్రీలకు ఆ పుస్తకం తెలియదు. ఆ గుడ్డ ఎందుకు పెట్టుకోవలసి వస్తున్నదో మాత్రం లార్డ్‌కు ఎంత తెలుసో వాళ్ళకూ అంత తెలుసు.

మిగిలింది "మీరెట్ట జెప్తే అట్ట" అనే మాట. దాన్ని బానిస మనస్తత్వమని కొట్టిపారేయడం సులభం. కొందరి విషయంలో అది నిజంగా కోరికే. తెలిసినవాడు చెప్పాలి, ఈ బరువు నామీద పెట్టవద్దు అని. ఆ కోరికను గౌరవించవలసిన సందర్భాలున్నాయి. అయితే గౌరవించే ముందు డాక్టరు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. తిరుపతిలో ఉండడానికి చోటున్నదా, తోడు ఎవరు వస్తారు, ఎన్ని రోజులు ఉండగలవు, తిరగబెడుతుందన్న భయం ఎక్కువా, రొమ్ము పోతుందన్న దిగులు ఎక్కువా. వీటికి ఆమె జవాబులు చెప్పగలదు, రాజంపేట మాటల్లోనే చెప్పగలదు. అవి విన్న తరువాత డాక్టరు ఇచ్చే సలహాలో ఆమె కూడా ఉంటుంది. ఆ ప్రశ్నలు అడగడానికి పట్టేది పావుగంట. ఓ.పి. గదిలో ఒక్కొక్క రోగికి ఎన్ని నిమిషాలు దక్కుతున్నాయో, బయట వరుస ఎంత పొడుగున్నదో, ఆ గదికి ఎందరు డాక్టర్లను నియమించారో మనమందరం చూస్తూనే ఉన్నాం.