తరువాత వచ్చినదెల్ల దానివలన వచ్చినదేనా?

ధ్యాన భాగములు: లూకా 13:1-5, యోహాను 9:1-3



మన చిలమత్తూరు తట్టున వేరుశనగ విత్తి, మబ్బుల వైపు చూచుచు కూర్చుండు దినములలో రచ్చకట్ట మీద ఒక ప్రశ్న పుట్టును: “ఏమప్పా, ఈ ఏడు వాన ఎందుకు రాలేదు?” ప్రశ్న మంచిదే. అయితే దానికి జవాబుగా తరచు ఒక మనిషి పేరు వచ్చును. “ఆ ఇంటివారు మతము మార్చుకొన్ననాటి నుండి చెరువు నిండలేదు” అని ఒకరందురు. మన గుడి మెట్ల మీదనే మరియొకరు, “సంఘములో ఎవరిదో పాపము దాగియున్నది, అందుకే వాన నిలిచిపోయినది” అందురు. ఈ ఇద్దరికిని ఒకరంటే ఒకరికి పడకపోవచ్చును గాని, ఇద్దరి వాదమును ఒక్కటే. అది ముందు జరిగెను. ఇది తరువాత జరిగెను. కాబట్టి అదే దీనికి కారణము.

ఈ పొరపాటుకు మన పెద్దలు ఎన్నడో పేరు పెట్టియున్నారు. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలెను. అదే క్షణమున పండు రాలెను. చూచినవాడు కాకి వలననే పండు రాలినదనుకొనెను. పండు అప్పటికే మాగి, తొడిమ వదలి యుండెను. కాకి రాకున్నను రాలియుండును. దీనినే కాకతాళీయమందురు. పండు విషయములో ఈ పొరపాటు వలన నష్టపోవువాడు ఎవడును లేడు. కాకి స్థానములో ఒక పొరుగువానిని నిలిపినప్పుడే నష్టము మొదలగును.

ఇదే వాదము యిర్మీయా 44వ అధ్యాయములో నున్నది. యెరూషలేము కూలిన తరువాత ఐగుప్తునకు పోయిన యూదులు ప్రవక్తతో ఇట్లు వాదించిరి: మేము ఆకాశరాణికి ధూపము వేసిన దినములలో కడుపునిండ తింటిమి, అది మానిన నాటి నుండి ఖడ్గమును కరవును మమ్మును పట్టుకొనెను. వారు చెప్పిన వరుసలో అబద్ధమేమియు లేకపోవచ్చును. అయితే యిర్మీయా అవే సంభవములను చూచి, మీరు ఆ ధూపము వేసినందుననే ఈ కీడు వచ్చెనని చెప్పెను. జరిగినది ఒక్కటే, వివరణలు రెండు, అవియు ఒకదానికొకటి వ్యతిరేకము. కాబట్టి ఏది ముందో ఏది వెనుకో చెప్పినంత మాత్రమున కారణము తేలదు. మరియొక సాక్ష్యము కావలెను. ప్రవక్త ఆ కీడు రాకముందే ఏండ్ల తరబడి ప్రజలందరిని బహిరంగముగా హెచ్చరించియున్నాడు. మనమో, కీడు వచ్చిన తరువాత ఒక పొరుగింటిని చూపించుచున్నాము. ఆ పని మనకు ఎవరును అప్పగింపలేదు.

ఈ వాదమునకు తోబుట్టువు మరియొకటి యున్నది. వాన పడిన యెడల వాకిలి తడియును, ఇది నిజము. వాకిలి తడిసియున్నది కనుక వాన పడినదందుమా? ఇంటి ఇల్లాలు తెల్లవారుజామున కల్లాపి చల్లి యుండవచ్చును గదా! పాపము వలన శ్రమ కలుగుననుట ఒక మాట. శ్రమ కలిగినది గనుక పాపము చేసియుండుననుట వేరొక మాట. యోబు స్నేహితులు ఈ రెంటిని కలిపివేసిరి. వారు మొదట ఏడు దినములు నేల మీద అతని ప్రక్కను మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన మేలంతయు ఆ ఏడు దినములలోనే యున్నది.

ఎలీఫజు ఏమి చేసెనో జాగ్రత్తగా చూడుడి. యోబు అనేకులకు బుద్ధి నేర్పి బలహీనులను నిలువబెట్టినవాడని 4వ అధ్యాయములో తానే ఒప్పుకొనెను. 22వ అధ్యాయము వచ్చునప్పటికి, అదే యోబు బీదల బట్టలు లాగుకొనెననియు, దప్పిగొన్నవారికి నీళ్లీయలేదనియు, విధవరాండ్రను వట్టి చేతులతో పంపెననియు నేరములు మోపుచున్నాడు. ఈ నేరములను అతడు కన్నులార చూచెనా? చూచినట్లు ఎక్కడను లేదు. యోబు పడుచున్న శ్రమకు తగినంత పాపము కనబడలేదు గనుక, లేని పాపమును కల్పింపవలసి వచ్చెను. వంకర వాదము అక్కడితో ఆగదు. తన్ను తాను నిలువబెట్టుకొనుటకు అబద్ధ సాక్ష్యమును పిలుచుకొనును. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞ కోర్టు బోనెక్కిన వానికే గాక, రచ్చకట్ట మీద కూర్చున్న వానికిని వర్తించును.

మన సీమ చరిత్రనే తీసికొందము. 1876లో వానలు తప్పి, 1878 వరకు మద్రాసు రాజధానిలో మహా కరవు సాగెను. అప్పుడు మన ప్రాంతము బళ్లారి జిల్లాలో నుండెను. అనంతపురము జిల్లా 1882లో గాని ఏర్పడలేదు. లక్షలాది జనులు నశించిరి. ఎవరి పాపము వలన? అవే సంవత్సరములలో ఉత్తర చైనాలోను, సముద్రముల ఆవల బ్రెజిలు ఈశాన్య భాగములోను వానలు లేక ఘోరమైన కరవు వచ్చెను. పసిఫిక్ మహాసముద్రపు నీళ్లు మితిమీరి వేడెక్కిన ఏండ్లలో ఇట్లు దూరదేశములలో ఒక్కసారే వానలు తప్పునని శాస్త్రజ్ఞులు తరువాత కనుగొనిరి. మన సీమకు ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానయే పడుటకును కారణమున్నది. నైరుతి మబ్బులు పడమటి కనుమల మీదనే చాలావరకు కురిసిపోవును. ఈశాన్యపు మబ్బులు తూర్పు తీరము నుండి ఇంతదూరము వచ్చులోగా పలుచబడును. కొండలును గాలులును చేయు పనికి ఒక కుటుంబమును బాధ్యులను చేయుట న్యాయమా?

ఆ కరవు వెంబడి ఇటువంటి నిందయే మన పితరుల మీదను పడెను. ఒంగోలు ప్రాంతమున వేలమంది సంఘములో చేరగా, “కరవు తరువాత చేరిరి, కాబట్టి కూటి కొరకే చేరిరి” అనిరి. అక్కడి బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు కరవు పనిగా బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్లు త్రవ్వించుటకు ఒప్పుకొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. అయితే ఇటువంటి అనుమానమునకు చోటున్నదని ఆయన ఎరుగును. అందుచేత కరవు సాగినంత కాలము బాప్తిస్మములు ఆపివేసిరి. కరవు సహాయము ముగిసిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అందరి హృదయములను మనమెరుగము. కూటి ఆశతో వచ్చినవారు కొందరుండవచ్చును. ఇంతమంది చేరిరి గనుక ఇదే సత్యమని మనమనుటయు సరికాదు. తలల లెక్క సత్యమునకు రుజువు కాదు. అయితే ఎదుటివారి మాటను కొట్టివేయక, దానిని పరీక్షకు నిలువనిచ్చిన ఆ నిదానము మనము నేర్చుకొనవలసినది.

అటువంటి పరీక్ష ఒకటి లండనులో జరిగెను. 1854లో అక్కడ కలరా వ్యాపించినప్పుడు, చెడుగాలియే కారణమని పెద్దలనుకొనిరి. జాన్ స్నో అను వైద్యుడు ఇల్లిల్లు విచారించి, చనిపోయినవారిలో చాలామంది ఒకే వీధి పంపు నీళ్లు త్రాగినవారని చూచెను. ఆ వీధిలోనే బీరు బట్టీలో పనిచేయువారు అదే గాలి పీల్చియు, ఆ పంపు నీళ్లు త్రాగనందున తప్పించుకొనిరి. గాలి అందరికిని ఒక్కటే; నీళ్లు వేరు. కారణము వెదకుట తప్పు కాదనియు, సరిగా వెదకిన యెడల ప్రాణములు దక్కుననియు దీనివలన తెలియుచున్నది.

సహోదరులారా, కష్టమైన మాట ఇప్పుడు చెప్పవలసియున్నది. మనము ఇతరుల కాకతాళీయమును చూచి నవ్వుదుము. మనదానిని సాక్ష్యమని పిలుతుము. “ప్రార్థించితిమి, ఎనుము బ్రదికెను” అని కృతజ్ఞత చెల్లించుట మంచిదే. అయితే ప్రార్థించియు ఎనుమును పోగొట్టుకొన్నవారు లేచి నిలిచి చెప్పరు గనుక, వారు లెక్కలోనికి రారు. బ్రదికినవాటిని మాత్రమే లెక్కించి దానిని నియమముగా చేసిన తరువాత, బిడ్డను పాతిపెట్టి వచ్చిన తల్లితో, “నీకు విశ్వాసము చాలలేదమ్మా” అనుటకు ఒక్క అడుగే దూరము. ఆ మాట మన సంఘములలో వినబడుచున్నది. ఆమె అప్పటికే ఒక దెబ్బ తిన్నది. రెండవ దెబ్బ మనము కొట్టుచున్నాము, అదియు తప్పు లెక్కతో.

కాబట్టి “దీనివలననే అది జరిగినది” అని నోరు తెరచుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొందము. మొదటిది: ముందు జరిగెననుట తప్ప నాకు వేరే సాక్ష్యమున్నదా? రెండవది: ఆ కారణము లేనిచోట ఈ కీడు రాలేదా? గుడి లేని ఊళ్ల చెరువులు నిండినవా? మూడవది: నా మాట తప్పయిన యెడల, అది ఎవరి తల మీద పడును?

సిలోయము గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చినప్పుడు, వారు యెరూషలేములో ఎక్కువ పాపులనుకొనుచున్నారా అని ప్రభువు అడిగి, కాదని తానే చెప్పెను. చెప్పి, మారుమనస్సు అను మాటను వినుచున్నవారి వైపే త్రిప్పెను. పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు, పాపమెవరిది, వీనిదా, తలిదండ్రులదా అని అడిగిరి. ఆయన ఆ రెండును కాదని చెప్పి, వంగి బురద కలిపి వాని కన్నులకు పూసెను. శిష్యులు నేరస్థుని వెదకుచుండిరి. ఆయన చేయవలసిన పనిని చూచెను.

ఈ ఏడును వాన రాకపోయిన యెడల, రచ్చకట్ట మీద ఎవరి పేరు వినబడునో ఆ ఇంటికి పోవుడి. కారణము చెప్పుటకు పోవద్దు. రెండు శేర్ల రాగులు తీసికొని పోయి, యోబు స్నేహితులు మొదటి ఏడు దినములు కూర్చున్నట్లు వారి ప్రక్కను కూర్చుండుడి.

ప్రార్థన: ప్రభువా, మాకు తెలియనిదానిని తెలిసినట్లు చెప్పకుండ మా పెదవులను కాపాడుము. మా పొరుగువానికి న్యాయము చేయు మనస్సును మాకు దయచేయుము. ఆమేన్.